బౌద్ధం, పర్యావరణం: తరచుగా అడిగే ప్రశ్నలు

బౌద్ధ సాహిత్యం చదివే మిత్రుల మధ్య పర్యావరణం ప్రస్తావన వచ్చినప్పుడల్లా అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ ఎదురవుతుండడంతో, వాటిని అడిగినవారి మాటల్లోనే రాసుకొని, ఒక్కొక్కదానికి విడిగా సమాధానం కూర్చాను. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదవవచ్చు. తొలి బౌద్ధ బోధలను భద్రపరచిన పాళీ భాషా గ్రంథాలకే ఎక్కువ చోటు ఇచ్చాను. అందులోనూ తాత్త్విక చర్చల కన్నా భిక్షువుల రోజువారీ నియమాలలోనే ఈ విషయానికి పనికివచ్చే సరుకు ఎక్కువ ఉందన్నది నా అభిప్రాయం.

## మొదట్లో వచ్చే సందేహాలు

బుద్ధుడి కాలంలో పొగగొట్టాలూ ప్లాస్టిక్కూ లేవు కదా, బౌద్ధంలో పర్యావరణం గురించి ఏముంటుంది?

"పర్యావరణం" అన్న మాటకు సరితూగే పదం పాళీ గ్రంథాలలో కనిపించదు. అడవి, చెట్టు, నీరు, ఋతువు, ప్రాణి వంటి విడివిడి మాటలే కనిపిస్తాయి. అయితే పొగగొట్టాన్ని కట్టే మనిషి గురించి ఆ గ్రంథాలు చాలానే చెప్పాయి. ఎంత దొరికినా ఇంకా కావాలనిపించే గుణానికి తృష్ణ అని పేరు పెట్టి, లోభ ద్వేష మోహాలు మూడింటినీ చెడుకు వేళ్ళుగా లెక్కగట్టాయి. నేటి కాలుష్యానికి వెనక ఉన్నది ఆ లోభమేనని ఒక బౌద్ధుడు అంటే అది గ్రంథాన్ని సాగదీయడం కాదు. బుద్ధుడు రెండున్నర వేల ఏళ్ళ కిందటే గ్లోబల్ వార్మింగ్‌ను కనిపెట్టాడని ఎవరైనా అంటే మాత్రం నమ్మనవసరం లేదు.

బోధివృక్షానికి మొక్కుతారు కదా, అంటే బౌద్ధులు ప్రకృతిని పూజించేవాళ్ళేనా?

బుద్ధుడు లుంబినీవనంలో పుట్టాడు, ఉరువేలలో రావిచెట్టు కింద బోధి పొందాడు, మృగదావంలో తొలిసారి ధర్మం చెప్పాడు, కుశీనగరంలో రెండు సాలవృక్షాల నడుమ పరినిర్వాణం చెందాడు. ఈ వరుసను చూసి చాలామంది అలా అనుకుంటారు. కాని రావిచెట్టుకు ఆ గౌరవం దాని నీడన జరిగిన సంఘటన వల్ల వచ్చింది. అమరావతి శిల్పి ఖాళీ ఆసనాన్నీ దాని వెనక చెట్టునూ చెక్కినప్పుడు అతని మనసులో ఉన్నది బుద్ధుడు. పైగా భయపడిన మనుషులు కొండలనూ వనాలనూ చెట్లనూ శరణు వేడతారనీ, అది క్షేమమైన శరణు కాదనీ ధమ్మపదం సూటిగానే చెబుతుంది. అలాగని అడవి మీద ప్రేమ లేదనుకోకూడదు: వాన వెలిసిన కొండల అందం తన మనసును ఎలా రంజింపజేస్తుందో బుద్ధుడి శిష్యుడు, వృద్ధుడైన మహాకస్సపుడు పాడిన గాథలు థేరగాథలు అనే భిక్షువుల పాటల సంకలనంలో ఉన్నాయి.

ప్రతీత్యసముత్పాదమంటే "లోకంలో అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి" అనేగా?

తొలి సూత్రాలలో దాని పని వేరు. అవిద్య మొదలుకొని జరామరణం దాకా పన్నెండు అంగాలుగా దుఃఖం ఎలా పుడుతుందో, దాన్ని ఎక్కడ తెంచవచ్చో చెప్పడానికి ఆ సిద్ధాంతం వచ్చింది. ప్రతి మణిలోనూ మిగిలిన మణులన్నీ ప్రతిఫలించే ఇంద్రుడి వల వంటి ఉపమానాలను చైనాలోని హువాయెన్ ఆచార్యులు ఏడో శతాబ్దం నుంచి విస్తరించారు. ఈ కాగితంలో మేఘం కూడా ఉందని వివరించిన వియత్నాం భిక్షువు థిచ్ నాట్ హాన్ మాటలు ఆ ధోరణికి చెందినవే. ఇవి తప్పుడు వ్యాఖ్యానాలు అనను. తర్వాతి కాలపువి అని మాత్రం గుర్తుంచుకోవాలి. నా మటుకు నాకు "ఇది ఉంటే అది ఉంటుంది, ఇది ఆగితే అది ఆగుతుంది" అన్న పాత సూత్రమే ఎక్కువ పనికివస్తుంది. అన్నిటికీ అన్నిటితో సంబంధం ఉందని ఊరుకుంటే ఏ ఒక్కరి బాధ్యతా తేలదు. ఫలానా కారణాన్ని ఆపితే ఫలానా ఫలితం ఆగుతుందంటే చేయవలసిన పని కనిపిస్తుంది.

## గ్రంథాలలోకి దిగాక

చెట్లకు ప్రాణం ఉందని బౌద్ధం ఒప్పుకుంటుందా?

తేల్చి చెప్పని ప్రశ్న ఇది. ఆళవి అనే చోట భిక్షువులు కుటీరాల కోసం చెట్లు నరుకుతుంటే, ఒకే ఇంద్రియం గల జీవాన్ని శాక్యపుత్రులు (బుద్ధుడి భిక్షువులు) హింసిస్తున్నారని జనం నిందించారు. దాంతో మొక్కలను పాడుచేయడం భిక్షువులకు దోషమని నియమం వచ్చింది. కథను జాగ్రత్తగా చదివితే, చెట్టుకు జీవముందన్నది అక్కడ జనం నమ్మకంగా కనిపిస్తుందే తప్ప సిద్ధాంతంగా కాదు. తొలి బౌద్ధంలో మొక్కలు చేతనాచేతనాల సరిహద్దున ఉండేవని జర్మన్ పండితుడు లాంబర్ట్ ష్మిట్‌హౌజెన్ వాదించారు. తర్వాతి భారతీయ బౌద్ధాచార్యులు వాటిని అచేతనాల్లో చేర్చారు. ఎనిమిదో శతాబ్దపు చైనా ఆచార్యుడు జాన్‌రాన్ అచేతనాలకూ బుద్ధస్వభావం, అంటే బుద్ధత్వం పొందగల గుణం, ఉందని వాదించగా, జపాన్‌లో గడ్డీ చెట్లూ కూడా బుద్ధత్వం పొందుతాయన్న మాట ప్రచారంలోకి వచ్చింది.

వినయపిటకంలో పర్యావరణానికి పనికొచ్చే నియమాలు నిజంగా ఉన్నాయా, లేక మనమే చదువుకుంటున్నామా?

ఉన్నాయి. వినయపిటకమంటే భిక్షువుల నియమాల గ్రంథం. పాళీ గ్రంథాలను అనుసరించే థేరవాద శాఖ భిక్షువు పాటించే 227 నియమాలలో ఇవి స్పష్టంగా కనిపిస్తాయి: నేలను తవ్వకూడదు, తవ్వించకూడదు, పచ్చని మొక్కలను పాడుచేయకూడదు, పురుగులున్న నీటిని తెలిసి తాగకూడదు, గడ్డి మీదా మట్టి మీదా పారబోయకూడదు, జబ్బు లేనివాడు పచ్చిక మీద గాని నీళ్ళలో గాని మలమూత్రాలు విడవకూడదు, ఉమ్మకూడదు. నీళ్ళు వడగట్టే గుడ్డ భిక్షువు దగ్గర ఉండవలసిన ఎనిమిది వస్తువులలో ఒకటి. వానాకాలంలో మూడు నెలలు ఒకేచోట ఉండే వర్షావాసానికి కారణం కూడా ఇలాంటిదే. పచ్చగడ్డినీ చిన్న ప్రాణులనూ తొక్కుకుంటూ వానల్లో కూడా తిరుగుతున్నారని జనం ఆక్షేపిస్తే ఆ నియమం ఏర్పడింది.

వీటి వెనక ఉద్దేశాలు కలగలసినవని ఒప్పుకోవాలి. కొన్నిటికి అహింస, కొన్నిటికి శుభ్రత, చాలావాటికి లోకనింద కారణం. కాని ఫలితాన్ని చూడండి: ఎక్కడ ఉమ్మాలి, ఏ నీళ్ళు తాగాలి, ఎప్పుడు ప్రయాణం మానాలి అన్న చిల్లర విషయాల మీద వందలమంది కలిసి ఒక క్రమశిక్షణకు లోబడ్డారు. పదిహేను రోజులకొకసారి ఉపోసథం అనే సమావేశపు రోజున ప్రాతిమోక్షాన్ని, అంటే ఆ నియమాల జాబితాను, చదువుకొని, తప్పు చేసినవారు ఒప్పుకొనేవారు. ఒక మనిషి మంచితనం మీద కాక సంఘం ఒప్పందం మీద నడిచే నిగ్రహం ఇది. నేటి పర్యావరణ చర్చలో అరుదుగా కనిపించేది కూడా ఇదేననిపిస్తుంది.

వాడి పారేయడం గురించి బౌద్ధ గ్రంథాల్లో ఏమైనా ఉందా?

వినయపిటకంలోని చుల్లవగ్గ అనే భాగంలో చక్కని కథ ఉంది. కోశాంబిలో ఉదయన మహారాజు అంతఃపుర స్త్రీలు బుద్ధుడి శిష్యుడు ఆనందుడికి అయిదువందల వస్త్రాలు దానం చేశారు. ఇన్ని వస్త్రాలు తీసుకొని ఈ సన్యాసి బట్టల కొట్టు పెడతాడా అని చిరాకుపడి రాజు స్వయంగా వచ్చి అడిగాడు. చిరిగిన చీవరాలున్న (భిక్షువులు కట్టే బట్టలు) భిక్షువులకు పంచుతాను అన్నాడు ఆనందుడు. పాత చీవరాలేం చేస్తారు? దుప్పట్లుగా కప్పుకుంటాం. పాత దుప్పట్లు? పరుపుల గలేబులు చేస్తాం. పాత గలేబులు? నేల మీద పరుస్తాం. ఆ తర్వాత కాళ్ళు తుడుచుకునే పట్టాలు, ఆ తర్వాత దుమ్ము దులిపే గుడ్డలు. చివరికి వాటిని దంచి మట్టిలో కలిపి నేల మెత్తుతాం అని ముగించాడు. రాజు సంతోషించి మరో అయిదువందల వస్త్రాలు ఇచ్చాడు. పాత చీరను బొంతగా, బొంతను గుమ్మం ముందు పట్టాగా, పట్టాను మసిగుడ్డగా మార్చిన అమ్మమ్మల ఇళ్ళలో పెరిగినవారికి ఈ కథలో వింతేమీ కనిపించదు.

రాజు చెడ్డవాడైతే వానలు కురవవని బుద్ధుడు అన్నాడా? అది మూఢనమ్మకం కాదా?

పాళీ సూత్రాల సంకలనాలైన నికాయాలలో ఒకటైన అంగుత్తర నికాయంలో అలాంటి సూత్రం ఉంది. రాజులు అధర్మపరులైతే వారి ఉద్యోగులు, ఆపైన గృహస్థులు, చివరకు పల్లెల వారూ పట్టణాల వారూ అలాగే తయారవుతారు. అప్పుడు ఋతువులు గతి తప్పుతాయి, గాలులు వేళ కాని వేళ వీస్తాయి, వాన సరిగా కురవదు, పంట సరిగా పండదు, ఆ తిండి తిన్నవారు రోగాలపాలై త్వరగా చనిపోతారు అంటుందది. పదార్థ విజ్ఞానంగా తీసుకుంటే ఇది నిలవదు. సూర్యచంద్రులు కూడా దారి తప్పుతారని అందులోనే ఉంది. పైనున్నవారి దురాశ కిందికి ఎలా ఇంకుతుందో, దాని ఖర్చు చివరకు అన్నం కంచంలో ఎలా తేలుతుందో చెప్పిన రాజకీయ పాఠంగా చదివితే మాత్రం దీనికి సాటి తక్కువ.

తుఫానులూ కరువులూ పూర్వజన్మ కర్మఫలమేనా?

అలా అనడం బౌద్ధం పేరుతో చేసే పెద్ద పొరపాటు. సంయుత్త నికాయంలో సీవకుడనే పరివ్రాజకుడు (ఊరూరా తిరిగే సన్యాసి), మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లనేనా అని అడుగుతాడు. పిత్తం, కఫం, వాతం, ఆ మూడింటి కలయిక, ఋతువుల మార్పు, అజాగ్రత్త, ఇతరుల దాడి, కర్మ అని బుద్ధుడు ఎనిమిది కారణాలు చెప్పి, అన్నిటినీ కర్మకు అంటగట్టేవారు ప్రత్యక్షంగా తెలిసినదానినీ లోకం ఒప్పుకొన్న సత్యాన్నీ దాటిపోతున్నారని అంటాడు. ఋతువు ఆ జాబితాలో విడిగా ఉందని గమనించాలి. తుఫానులో ఇల్లు కోల్పోయిన మత్స్యకారుడికి నీ కర్మ అని చెప్పే హక్కు ఈ సూత్రం ఎవరికీ ఇవ్వదు.

నీళ్ళ తగాదాల గురించి బుద్ధుడు ఏమన్నాడు?

బుద్ధుడి వంశమైన శాక్యులకూ పొరుగున ఉన్న కోలియులకూ నడుమ రోహిణీ నది పారేది. జ్యేష్ఠమాసపు ఎండకు పైరు వాడిపోతుంటే ఆనకట్ట నీళ్ళు ముందు మాకంటే మాకని ఇరువైపుల పనివారూ గొడవపడ్డారు. మాటలు వంశాల దాకా పోయాయి, చివరికి ఆయుధాలు లేచాయి. బుద్ధుడు మధ్యకు వెళ్ళి, నీళ్ళ విలువ ఎంత, మనుషుల విలువ ఎంత అని అడిగాడని ధమ్మపదానికి పాళీ వ్యాఖ్య అయిన అట్ఠకథ చెబుతుంది. నీళ్ళకు విలువ స్వల్పమని వారు జవాబిచ్చారట. ఎవరి వాటా ఎంతో ఆయన తేల్చకపోవడం నాకు ఎప్పుడూ కొంచెం వెలితిగానే తోస్తుంది. కృష్ణా జలాల మీద ఏళ్ళ తరబడి వాదనలు వింటున్న తెలుగువారికి నీళ్ళు స్వల్పమంటే ఒప్పుకోబుద్ధి కాదు. అయితే రక్తం పారే ముందు ఆపవలసినదేదో ముందు ఆపాడు.

బౌద్ధులంతా శాకాహారులేనా?

కాదు. తన కోసం చంపినట్టు చూడని, వినని, అనుమానించని మాంసాన్ని భిక్షాపాత్రలో వేస్తే తినవచ్చని పాళీ వినయపిటకం అనుమతిస్తుంది. మాంసం, చేపలు పూర్తిగా నిషేధించాలన్న సంఘంలో తనను ఎదిరించిన దేవదత్తుడి కోరికను బుద్ధుడు తోసిపుచ్చాడు. లంకావతార సూత్రం వంటి మహాయాన గ్రంథాలు మాంసాన్ని గట్టిగా ఖండించాయి. చైనా, వియత్నాం మఠాలు శాకాహారం పాటిస్తాయి.

## చరిత్రనూ నేటి ఆచరణనూ చూశాక

"అశోకుడు చెట్లు నాటించెను" అన్నది నిజమేనా?

బడిలో వల్లెవేసి, ఆ తర్వాత హాస్యానికి వాడుకున్న ఆ వాక్యం నిజమే. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాననీ, మూలికలు లేని చోట తెప్పించి నాటించాననీ, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించాననీ రెండో శిలాశాసనంలో ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద చెక్కిన శాసనాలలో అదీ ఒకటి. చెట్ల కన్నా ఆసక్తికరమైనది అయిదో స్తంభశాసనం. పట్టాభిషేకమైన ఇరవయ్యారేళ్ళకు వేయించిన అందులో చంపకూడని జంతువుల జాబితా ఇచ్చి, ప్రాణులున్న ఊకను తగలబెట్టకూడదనీ, అడవులను నిష్కారణంగా గాని జీవాలను చంపడానికి గాని కాల్చకూడదనీ ఆజ్ఞాపించాడు. ఇదే అశోకుడు పదమూడో శిలాశాసనంలో అడవిలో నివసించేవారిని బుజ్జగిస్తూనే తన బలాన్ని గుర్తుచేసి హెచ్చరిస్తాడు. అడవిని కాపాడే రాజ్యానికీ అడవి మనుషులకూ మధ్య పేచీ ఆనాటిదే.

థాయ్‌లాండ్‌లో చెట్లకు సన్యాసం ఇస్తారట, ఇదేం చోద్యం?

1988 నవంబరులో దక్షిణ థాయ్‌లాండ్‌లో వరదలు వచ్చి, నరికిన దుంగలు కొండల మీద నుంచి ఊళ్ళ మీద పడి వందలమంది చనిపోయారు. 1989 జనవరిలో ప్రభుత్వం కలప నరికివేతను నిషేధించింది, కాని దొంగచాటు నరుకుడు ఆగలేదు. ఆ రోజుల్లో ఉత్తరాది భిక్షువులు కొందరు ఊరి అడవిలో పెద్ద చెట్టుకు కాషాయం చుట్టి, మంత్రాలు చదివి, గ్రామస్థుల చేత ఆ అడవిని నరకబోమని ప్రమాణం చేయించడం మొదలుపెట్టారు. నాన్ రాష్ట్రంలో ఫ్రఖ్రూ పితాక్ 1990లో జరిపిన క్రతువు వీటిలో ప్రసిద్ధమైంది. చెట్టు భిక్షువు కాలేదని అక్కడున్న వారందరికీ తెలుసు. కాషాయం కట్టినదాన్ని గొడ్డలితో కొట్టడానికి చేయి రాదన్నదే లెక్క. చెట్టుకు కట్టిన పలకపై, అడవిని నాశనం చేస్తే "చాత్"ను నాశనం చేసినట్టే అని రాశారు. ఆ థాయ్ మాట మన "జాతి"యే, పాళీ నుంచి వెళ్ళింది. వారి భాషలో పుట్టుక, జన్మ, దేశం అన్నీ దాని అర్థాలే. ఈ పని అందరికీ నచ్చలేదు: బురిరామ్‌లో అడవి కోసం నిలబడిన ఫ్ర ప్రచాక్ అనే భిక్షువును 1991లో అరెస్టు చేశారు.

అమరావతిలో దలైలామా చెప్పిన మాటకు టిబెట్‌లో పులిచర్మాలు తగలబెట్టారన్నది నిజమా?

నిజమే. 2006 జనవరిలో గుంటూరు జిల్లా అమరావతిలో కాలచక్ర అనే టిబెట్ బౌద్ధ ఉత్సవం జరిగింది. టిబెట్ నుంచి కూడా వేలమంది వచ్చారు. అప్పట్లో టిబెట్‌లో పండుగలకు పులి, చిరుత, నీటికుక్కల చర్మాలు కుట్టిన అంగీలు వేసుకోవడం హోదాగా మారి, భారతదేశంలో పులుల వేటకు గిరాకీ పెంచింది. అలా అలంకరించుకున్న తన ప్రజల ఫోటోలు చూస్తే సిగ్గు వేస్తోందని, వాటిని మానుకొమ్మని దలైలామా కోరారు. కొద్ది వారాల్లోనే టిబెట్‌లోని అనేక చోట్ల జనం విలువైన చర్మాలను బహిరంగంగా మంటల్లో వేశారు. చట్టం చాలాకాలంగా చేయలేని పని ఒక మాటతో జరిగింది. అంత గౌరవం గల గురువు లేని చోట ఇది ఎలా సాధ్యమన్నది వేరే ప్రశ్న.

సంతలో పక్షుల్నీ చేపల్నీ కొని వదిలితే పుణ్యమంటారు, మంచిదే కదా?

వధకు తీసుకుపోతున్న ప్రాణిని విడిపించడం పాత ఆచారం, ఉద్దేశం మంచిదే. నేడు చాలాచోట్ల వదలడానికే పట్టే వ్యాపారం తయారైంది. కొనేవారున్నారని వలలు వేస్తారు, బోనుల్లోనే చాలా చస్తాయి. ఆ ప్రాంతానికి చెందని జీవాన్ని వదిలితే నష్టం ఇంకా ఎక్కువ. 2015లో బ్రిటన్‌లోని బ్రైటన్ తీరంలో విదేశీ పీతలనూ లాబ్‌స్టర్లనూ సముద్రంలో వదిలిన ఇద్దరు బౌద్ధులకు 2017లో కోర్టు జరిమానా వేసింది. కరుణకు ప్రజ్ఞ తోడుండాలని బౌద్ధాచార్యులు ఎందుకంటారో ఇక్కడ తెలుస్తుంది.

నాగార్జునకొండనే నీళ్ళలో ముంచి డ్యామ్ కట్టారు కదా, బౌద్ధం దీనికేమంటుంది?

ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, దాని విహారాలూ స్తూపాలూ ఉన్న లోయలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండ మీదికీ దగ్గర్లోని అనుపు అనే చోటికీ తరలించారు. మిగిలినది నాగార్జునసాగర్ నీళ్ళ కింద ఉంది. అనిత్యమని నేర్పే ధర్మం ఇటుకల కోసం ఏడవదు. బౌద్ధ దృష్టిలో అడగవలసిన ప్రశ్నలు మరికొన్ని ఉన్నాయి: ఆ నీళ్ళతో ఎందరికి అన్నం దొరికింది, లోయలోని పల్లెల నుంచి కదిలినవారికి ఏం దక్కింది, కింద నది ఏమైంది? సంప్రదాయం ఆ కొండతో ముడిపెట్టే బౌద్ధాచార్యుడు నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసినట్టు చెప్పే రత్నావళిలో, చీమల పుట్టల దగ్గర కూడా నమ్మకమైన మనుషుల చేత తిండీ నీళ్ళూ పెట్టించమని సలహా ఉంది. రాజ్యం చేసే ఏర్పాట్లలో చీమను కూడా లెక్కలోకి తెచ్చినవాడి పేరు పెట్టుకున్న ప్రాజెక్టు కాబట్టి, ఆ లెక్క అడగడం న్యాయమే.

## వాదన ముదిరాక

కోరికలు తగ్గించుకోమని పేదవాళ్ళకు చెప్పడం అన్యాయం కాదా?

అన్యాయమే, బుద్ధుడు అలా చెప్పలేదు కూడా. దీఘనికాయంలోని చక్కవత్తి సీహనాద సూత్రంలో పతనం పేదల కోరికలతో మొదలవదు. రాజు పేదలకు ధనం పంచకపోవడంతో దారిద్ర్యం, దారిద్ర్యంతో దొంగతనం, దానితో ఆయుధాలు, హత్యలు పెరుగుతాయి. కూటదంత సూత్రంలో పురోహితుడు రాజుకు చెప్పేది కూడా రైతుకు విత్తనాలు, వర్తకుడికి పెట్టుబడి, ఉద్యోగికి జీతం ఇవ్వమనే. ఆ తర్వాత జరిగిన యజ్ఞంలో పశువును చంపలేదు, బలిపశువును కట్టే యూపస్తంభానికి చెట్టు కొట్టలేదు. 1956లో నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించిన అంబేద్కర్, అంతకు ముందు 1927లో మహారాష్ట్రలోని మహద్‌లో అంటరానివారని దూరం పెట్టిన వారికి చెరువు నీళ్ళు తాగే హక్కు కోసం నిలబడ్డారు. ఊరి చెరువు ముట్టుకోనివ్వని వారికి నీటి పొదుపు గురించి ఉపన్యాసం ఇవ్వడం ఎంత వెటకారమో ఆ చరిత్ర తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. నిగ్రహం గురించిన మాట ముందుగా ఎక్కువ వాడుకునేవారికి చెందుతుంది.

బౌద్ధ దేశాల్లో మాత్రం కాలుష్యం లేదా?

ఉంది. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మై నగరం ప్రతి వేసవిలో పొలాలూ అడవులూ తగలబెట్టిన పొగలో ఊపిరాడక ఉంటుంది. మయన్మార్ టేకు అడవులు ఎంత తరిగాయో తెలిసిందే. దేశంలో ఎప్పటికీ కనీసం 60 శాతం అడవి ఉండాలని 2008 రాజ్యాంగంలో రాసుకున్న భూటాన్ వేరే రకం ఉదాహరణ, కాని అది తక్కువ జనాభా గల కొండల దేశం.

అంతా అనిత్యమే అయితే భూమి పోతే పోనీ అనుకోవచ్చు కదా?

ఈ వాదం తెలివిగా కనిపిస్తుంది గాని, జబ్బు చేసిన తల్లి విషయంలో ఎవరూ దీన్ని వాడరు. వినయపిటకం ప్రకారం రోగి అయిన భిక్షువుకు సేవ చేయడం తోటివారి విధి. ఆ రోగి శరీరం కూడా అనిత్యమే. మార్పు సహజమన్న సత్యం, మార్పును మనం ఏ దిక్కుకు తోస్తున్నామన్న బాధ్యతను చెరిపివేయదు.

## ఇంటి దగ్గర

నేను భిక్షువును కాను, అపార్ట్‌మెంట్‌లో ఉంటాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

భిక్షువులు చీవరం, ఆహారం, నివాసం, మందు అనే నాలుగింటిని వాడేటప్పుడు ఇది ఎందుకు అని తలచుకోవాలి. తిండి విషయంలో ఆ పాఠం, ఆటకు కాదు, మదానికి కాదు, అలంకారానికి కాదు, ఈ శరీరం నిలవడానికి అని సాగుతుంది. గృహస్థుకు ఇంత కటువు అక్కరలేదు, అందమైన చీర కట్టుకోవడం దోషమేమీ కాదు. కాని ఆ నాలుగింటి వరుసలో ఒక్కదాన్ని తీసుకొని, ఒక నెలపాటు కొనే ముందు ఇది ఎందుకు అని అడిగి, జవాబు కాగితం మీద రాసి చూడండి. ఒంటరిగా కాక ఇంట్లోవారితోనో పొరుగువారితోనో కలిసి చేసి, పౌర్ణమికీ అమావాస్యకూ ఒకసారి కూర్చొని ఎక్కడ తప్పామో చెప్పుకుంటే ఇంకా మేలు. పాత సంఘం నడిచిన తీరు అదే. మొదటి పక్షంలో మా ఇంటి కాగితం మీద ఎక్కువసార్లు పడిన మాట "ఆఫర్ ఉంది కాబట్టి".